మనోడని తెలిసుంటే

మదనపల్లె సబ్‌జైలు,
జూన్ 22.

అక్కకు,

పవన్ నమస్కరించి రాసేది. ఉత్తరం రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఇక్కడ ఫోనుకు వారానికి ఒకసారి వరస వస్తుంది. ఆ కాసేపూ అమ్మ ఏడుపుకే సరిపోతుంది. నువ్వేమో కుప్పంలో బడి వదిలి రాలేవు. అందుకని కాగితం అడిగి తీసుకున్నాను.

మన ఊళ్ళో జరిగింది నీకు ఎవరెవరో ఏదేదో చెప్పుంటారు. నా మాటగా కూడా విను. గురువారం పొద్దున పుంగనూరు మార్కెట్లో టమోటాలు దించి, ఖాళీ టెంపోతో తిరిగి వస్తున్నాను. పదకొండయి ఉంటుంది. బడి కంచె దగ్గర గుంపు కనిపించింది. మధ్యలో అరవై ఏళ్ళ మనిషి. మాసిన చొక్కా, చేతిలో గుడ్డసంచి. నెల రోజులుగా అందరి ఫోన్లలోనూ ఒకటే కబురు కదా, హిందీ మాట్లాడే గుంపు దిగింది, బిస్కెట్లు ఆశ చూపించి పిల్లల్ని ఎత్తుకుపోతోందని. ఆయన సంచిలో నిజంగానే బిస్కెట్ పొట్లం ఉంది. "యా ఊరప్పా నీది? బడికాడ ఏం పని?" అని అడిగితే ఏదో గొణిగాడు. మన భాష ఒక్క ముక్క కాదు. ఎవరో "వాండ్లే, వదలద్దండి" అని అరిచారు. ఆ తర్వాత ఎవరు కొట్టారో, ఎన్ని కొట్టారో చెప్పలేను.

నేను ఆయన కాలరు పట్టుకున్నది నిజం. పక్కకు లాగడానికే పట్టుకున్నాను. వీడియోలో పట్టుకున్నది కనబడుతుంది, ఎందుకు పట్టుకున్నానో కనబడదు. అందుకే ఏడుగురిలో నన్నూ కలిపారు. ముద్దుకృష్ణ చిన్నాయన పెట్టిన లాయరు నాగేంద్ర గారు నిన్న వచ్చి, "నువ్వు కాపాడేదానికే పోయినావు. ఆ మాట మీదే ఉండు" అన్నారు. ఉంటాను.

ఆ హిందీ మనిషి ప్రాణానికి భయం లేదంటున్నారు. నువ్వు నన్ను నమ్ముతావు కదక్కా? నువ్వు నమ్మితే మిగతావాళ్ళ సంగతి తర్వాత.

నీ తమ్ముడు
పవన్ కుమార్


కుప్పం,
జూన్ 30.

ప్రియమైన పవన్‌కు,

నీ ఉత్తరం అందింది. కవరు ఒక పక్క చించి మళ్ళీ అంటించి ఉంది. మన ఇద్దరి మధ్య ఇంకో మనిషి కూర్చుని చదువుతున్నాడన్నమాట. చదివితే చదవనీలే, మనం దాచుకునేది ఏముంది?

నమ్ముతున్నాను. ఇంట్లో కోడిని కోసే రోజు నువ్వు పెరట్లోకి రాకుండా మిద్దె మీద ముడుచుకొని కూర్చునేవాడివి. ఆ పిల్లవాడు పెద్దయితే గుంపులో చేరి మనిషిని కొడతాడని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

నీకు లాయరు ఈపాటికి చెప్పే ఉంటాడు. చెప్పకపోతే నా దగ్గర విను. ఆయన హిందీ మనిషి కాదు. పేరు మునిస్వామి. పెద్దమండ్యం పక్క పల్లె. కాస్త వేరుశనగ, కాసిని గొర్రెలు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ రోజు కూతురు ఆయన్ని మదనపల్లె ఆసుపత్రికి తీసుకొచ్చి మందుల వరసలో నిలబడింది. ఆమె తిరిగి చూసేసరికి ఆయన లేడు. బయటికి నడిచి, ఆగి ఉన్న పుంగనూరు బస్సెక్కాడు. టికెట్ యాడికని అడిగితే చెప్పలేకపోయాడు. కండక్టరు మన ఊరి దగ్గర దించేశాడు. ఎండకు దాహమై బడి కొళాయి వెతుక్కుంటూ వచ్చాడు. సంచిలో ఉన్న బిస్కెట్లు కూతురు ఆయన కోసమే కొనిపెట్టినవి.

ఎడమ కన్ను పోయింది. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది.

ఈ సంగతి తెలిసినప్పట్నుంచి ఊరంతా తల పట్టుకుందని అమ్మ ఫోనులో చెప్పింది. చిన్నాయన, నాయన, ఇంకో పదిమంది పళ్ళు తీసుకొని ఆసుపత్రికి పోయారట. చిన్నాయన ఆయన కాళ్ళు పట్టుకొని, "మనోడని తెలీలేదప్పా, తెలిసుంటే చెయ్యి లేస్తాదా" అని ఏడ్చాడట. నాయన మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడట.

ఇక్కడ స్టాఫ్‌రూములో ఒకామె పేపరు చూపించి, "పుంగనూరు దగ్గర అంటున్నారు, మీ ఊరు కాదు కదా?" అని అడిగింది. "పక్క ఊరు" అన్నాను. అంత తేలిగ్గా ఎలా అనగలిగానో తెలియదు. ఆ పూటంతా పాఠం చెబుతున్నా నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అన్నం మానొద్దు. అమ్మ సోమవారం నిన్ను చూడటానికి వస్తుంది.

అక్క
సింధూజ


మదనపల్లె,
జూలై 10.

అక్కకు నమస్కారాలు.

లాయరు చెప్పాడు. నీ ఉత్తరం ఆ మర్నాడు వచ్చింది. ఆ రోజు మా ఏడుగురిలో ఎవరూ సరిగ్గా ముద్ద మింగలేదు. "మనోడని తెలిసుంటే, మనోడని తెలిసుంటే" అని ఒకరి తర్వాత ఒకరు అదే మాట. ఒకడు గోడకు తల కొట్టుకున్నాడు. హిందీ మనిషి అనుకున్నన్నాళ్ళు ఇక్కడ మేము పేకాట కూడా ఆడుకున్నాం. అది నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ చెబుతున్నాను.

మేము ఏడుగురం ఒక మూల పడుకుంటాం. ఎదుటి మూలలో రాజేంద్ర అని జార్ఖండ్ మనిషి ఉన్నాడు. గ్రానైట్ క్వారీలో పనికి వచ్చి, ఏదో కొట్లాటలో ఇరుక్కున్నాడు. అతన్ని చూడటానికి ఎవరూ రారు. తెలుగు రాదు. మొన్న మా నీళ్ళ బిందె ముట్టుకుంటే మనవాళ్ళు గసిరారు. "ఈ హిందీవోని వల్లనే గదా మనకీ గతి" అన్నాడొకడు. అతని వల్ల ఏమిటో నాకు అర్థం కాలేదు. అతను అప్పటికి మన ఊరే చూసి ఉండడు. అయినా నేను నోరు తెరవలేదు.

నువ్వు ఒక్కసారి ఆసుపత్రికి పోయి రా అక్కా. నాయనావాళ్ళు పోయిన పోక వేరు. నువ్వయితే మాట్లాడగలవు. ఆ కూతురితో చెప్పు, నా తమ్ముడు అడ్డం పడటానికే పోయాడని. ఆమెకు ఆ ఒక్కటి తెలిస్తే నాకు కొంచెం నిద్ర పడుతుంది.

పవన్


కుప్పం,
జూలై 24.

ప్రియమైన తమ్ముడికి,

పోయి వచ్చాను. ఆదివారం తొలి బస్సెక్కి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరేసరికి ఎండ ముదిరింది. బస్సు మన ఊరి స్టేజీలో ఆగింది. నేను తల వంచుకొని కూర్చున్నాను.

ఆ కూతురి పేరు అంబిక. ముప్పై లోపు ఉంటుంది. నేను టీచర్నని, చూడటానికి వచ్చానని మాత్రం చెప్పాను. ఎవరి అక్కనో చెప్పలేదు. ఆమె తను కూర్చున్న స్టూలు నాకిచ్చి తాను నేల మీద కూర్చుంది. కిందికి పోయి టీ తెచ్చిపెట్టింది. నేను తాగాను.

కాసేపటికి మునిస్వామి గారు కళ్ళు తెరిచారు. కళ్ళు అని చేయి అలవాటుకొద్దీ రాసింది. కన్ను తెరిచారు. నన్ను చూసి "అప్పా" అన్నారు. నేను ఉలిక్కిపడితే అంబిక నవ్వింది. "ఆడోళ్ళయినా మగోళ్ళయినా అందురూ అప్పానే మేడమ్. పక్షవాతం వచ్చినాక మా నాయనకు మిగిలిండేది రెండే మాటలు. అప్పా అని పిలస్తాడు, నీళ్ళు అని అడుగుతాడు. ఆ రెండు మాత్రం తేటగా వస్తాయి. మా ఊరి పిలకాయలు అప్పా తాతా అంటారు ఆయన్ని."

అప్పుడు ఇంక దాచలేకపోయాను. నేనెవరో చెప్పేశాను.

ఆమె లేచి, నా చేతిలో ఖాళీ గ్లాసు తీసుకొని కడిగింది. చాలాసేపు కడిగింది. తర్వాత నావైపు తిరక్కుండానే మాట్లాడింది.

"మీ ఊరోళ్ళు వచ్చినారు. మనోడని తెలీలేదమ్మా అని ఏడ్చినారు. నాకూ ఏడుపొచ్చె. వాండ్లు పొయ్యినాక కూసోని ఆలోచన చేసినా. అంటే, మా నాయన వేరే దేశమోడై ఉంటే ఈ కన్ను పొయ్యేది సరేనా? వాండ్లు మా నాయన కోసరం ఏడ్చినారా మేడమ్, గురి తప్పిందని ఏడ్చినారా?"

నువ్వు చెప్పమన్న మాట చెప్పాను, నా తమ్ముడు ఆపడానికే పోయాడని. ఆమె నన్ను నిదానంగా చూసి, "అట్లనా. మా నాయనకు మాటొచ్చుంటే అడుగుదుము" అంది. అంతే.

తిరిగొచ్చిన మర్నాడు ఏడో తరగతికి సర్వనామాలు చెప్పాలి. మనం, మేము. బోర్డు మీద రెండూ రాసి, ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. 'మనం' అంటే వింటున్నవాడు కూడా లోపలే ఉన్నాడు, 'మేము' అంటే వింటున్నవాడు బయట ఉన్నాడు. సిద్ధార్థ అని ఒక పిల్లవాడున్నాడు, వాళ్ళింట్లో కన్నడం. వాడు లేచి, "టీచర్, మా ఇంట్లో రెండిటికీ నావు అనే అంటాం. మరి ఎవురు లోపల, ఎవురు బయట అని ఎట్లా తెలుస్తాది?" అన్నాడు. తమిళం పిల్లలు మాకు రెండు మాటలున్నాయని చేతులెత్తారు. క్లాసంతా నవ్వులు. ఇన్నేళ్ళూ నేను దాన్ని వ్యాకరణం అనుకొని చెబుతూ వచ్చాను. మన ఇంట్లో ఎవరైనా గేటు ముందు నిలబడితే, అమ్మ లోపలినుంచి మొదట అడిగే మాట "ఎవురు, మనోళ్ళేనా?" కదా. జవాబును బట్టి చెంబు మారేది, కూర్చునే చోటు మారేది. నువ్వూ నేనూ అన్నం తిన్నట్టే దాన్నీ తిని పెరిగాం.

ఒక సంగతి అడుగుతాను. మొదటి ఉత్తరంలో నువ్వు, ఆయన మాట మన భాష ఒక్క ముక్క కాదన్నావు. అంబిక చెప్పినదాన్ని బట్టి ఆయనకు ఆ రెండు మాటలూ తేటగానే వస్తాయి. నేనూ విన్నాను. భయంతో ఆ రోజు నోరు రాలేదేమో. అంతే అయి ఉంటుంది. అంతేనని ఒక్క ముక్క రాయి.

నీ
అక్క


కుప్పం,
ఆగస్టు 21.

పవనూ,

నాలుగు వారాలయింది. జవాబు లేదు. ఉత్తరం అందలేదనుకుందామంటే, అందిందని అమ్మతో చెప్పావట.

అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. పోయిన వారం ఏడుగురికీ బెయిలు వచ్చిందట. ఆరుగురు ఇళ్ళకు చేరారు. చిన్నాయన నీకు జామీను నిలబడటానికి ఇద్దరిని వెంటబెట్టుకొని వస్తే, నువ్వు రానన్నావట. కారణం చెప్పలేదట. నాయన ఇంటికి వచ్చి చొక్కా విప్పకుండానే పడుకున్నాడట. ఊళ్ళో ఆ ఆరుగురూ నీ పేరెత్తితే లేచి పోతున్నారట.

ఏం జరిగింది తమ్ముడూ? ఆరోగ్యం బాగా లేదా? ఎవరైనా బెదిరించారా? నేను అడిగిన ప్రశ్న నిన్ను నొప్పించి ఉంటే చెప్పు, వెనక్కి తీసుకుంటాను. కానీ నువ్వు మాట్లాడకపోతే ఆ ప్రశ్న నా లోపల పెరుగుతోంది.

ఎదురుచూస్తూ,
సింధూజ


మదనపల్లె,
ఆగస్టు 31.

అక్కా,

ఈ ఉత్తరం కూడా ఇక్కడ చదివాకే పోస్టు చేస్తారు. చదవనీ. ఎవరు చదివినా సరేననే రాస్తున్నాను. నీ ప్రశ్న వెనక్కి తీసుకోవద్దు.

నేను టెంపో దిగేసరికి గుంపు ఇంకా ఆయన్ని కొట్టలేదు. ఊరికే చుట్టూ నిలబడి అడుగుతున్నారు అంతే. "వాండ్లే, వదలద్దండి" అని అరిచింది ఎవరో కాదు, నేను. టెంపోలోనుంచే అరిచాను. అరుచుకుంటూ దిగాను. అందరూ నాకు దారి ఇచ్చారు. అట్లా దారి ఇస్తుంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, బాగుండింది.

దగ్గరికి పోయి, "ఎవురప్పా నువ్వు?" అని గద్దించాను. ఆయన భయంగా చూడలేదక్కా. అందర్లోకీ నేనే తెలిసినవాణ్ణి అన్నట్టు చూశాడు. నా ముంజేతి మీద చెయ్యి వేసి "అప్పా" అన్నాడు. తర్వాత "నీళ్ళు" అన్నాడు. తేటగా. మన పక్క మాట, మన పక్క యాస. వెనక అందరూ అరుస్తున్నారు కాబట్టి ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది.

"ఏమన్న్యాడు పవనా? ఏం భాష?" అని వెనకనుంచి అడిగారు. ముప్పైమంది నా ముఖమే చూస్తున్నారు. "తెలుగోడేనప్పా, నీళ్ళడుగుతాండాడు" అంటే అయిపోయేది. ఎవరో చెంబు తెచ్చేవాళ్ళు. కానీ ఒక్క నిమిషం ముందు అంత గొంతేసుకొని అరిచిన నేను అందరి ముందూ వెర్రివాణ్ణయ్యేవాణ్ణి. నాలుగు రోజులు టీ అంగడి దగ్గర నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వుకు భయపడ్డాను. అంత చిన్న సిగ్గు అక్కా. దానికి ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని నెల రోజులు వెతికాను. లేదు.

"ఏమో, మనది కాదు" అన్నాను. అని, ఆయన చెయ్యి నా మీదినుంచి విదిలించి కాలరు పట్టుకున్నాను. లాగింది పక్కకు కాదు, మధ్యలోకి.

అందరూ మనోడని తెలిసుంటే అంటున్నారు. నాకు తెలుసు. మిగతావాళ్ళు తెలియక కొట్టారు, నేను తెలిసి పట్టిచ్చాను. వాళ్ళు "మనోడు" అని ఏడుస్తుంటే నేనూ వాళ్ళతో కూర్చుని ఏడ్చాను చూడు, అది తలుచుకుంటే అన్నిటికన్నా అసహ్యం వేస్తుంది.

నీ ఉత్తరం వచ్చిన వారమే ఇంకోటి జరిగింది. రాజేంద్ర ఇక్కడ అందరూ ఒకరినొకరు పిలుచుకునేది విని ఆ మాట నేర్చుకున్నాడు. కొళాయి దగ్గర నా వెనక నిలబడి, "అప్పా, పానీ" అన్నాడు. నేను వెనక్కి తిరగలేకపోయాను. కొళాయి అట్లాగే వదిలిపెట్టి వచ్చేశాను. ఒక గంట తర్వాత పోయి అతని పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో నాకూ తెలియదు, అతనికీ తెలియదు. అప్పట్నుంచి రోజూ కూర్చుంటున్నాను. అతనికి ఇద్దరు ఆడపిల్లలట. వేళ్ళతో చెప్పాడు.

ఆరుగురికీ బెయిలుకు ముందే చెప్పేశాను, కోర్టులో ఉన్నదున్నట్టు చెబుతానని. మొదట బతిమాలారు. "నీ ఒక్కని పేరు చెప్పుకో, మా జోలికి రావద్దు" అన్నారు. నేను ఎవరి పేరూ చెప్పను, నాది నేను చెబుతాను అన్నాను. అయినా నా మాట బయటికొస్తే గుంపు కథంతా మారిపోతుందని వాళ్ళకు భయం. "ఇంక నువ్వు మా మనిషివి కాదు పో" అని పక్కలు దూరంగా లాక్కున్నారు. మా మధ్య చాపంత ఖాళీ. ఇక్కడ చాపంత చోటు అంటే ఎంతో నీకు తెలియదు.

బెయిలు ఎందుకు వద్దన్నానంటే, లాయరు రాసిన కాగితాల్లో నేను కాపాడబోయినవాణ్ణి. ఆ మాట మీద బయటికి వచ్చి, టీ అంగడి దగ్గర నాలుగు రోజులు ఆ కథే చెబితే, ఐదో రోజు నేనే నమ్మేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

ఇది అంబికకు చదివి వినిపించు. నువ్వు ఎట్లా చదివినా సరే. మొత్తం చదువు.

పవన్


కుప్పం,
నవంబరు 23.

నా తమ్ముడికి,

నీ ఉత్తరానికి రెండు నెలల మూడు వారాలు జవాబు రాయలేదు. నీ మీద అసహ్యంతో అనుకొని ఉంటావు. మొదటి రెండు రోజులు అదీ ఉండింది. తర్వాత ఉన్నది వేరు. అది రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

జూన్ 17న, అంటే ఆ గురువారానికి రెండు రోజుల ముందు, మన ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. హిందీవాళ్ళ గుంపు, తెలుగు రాదు, సంచిలో బిస్కెట్లు. దాన్ని పెట్టింది నేను. ఇక్కడ ఎవరో పంపితే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా పంపాను. కింద నేనే టైపు చేశాను: "పవనూ, మన బడి దగ్గర కొత్త ముఖం కనబడితే వదలద్దు. టీచర్ని చెబుతున్నా." నువ్వు టెంపోలోనుంచి అరిచిన మాట నాది. నీ మూడు ఉత్తరాల్లోనూ ఆ సంగతి ఎక్కడా ఎత్తలేదు. చివరికి అన్నీ ఒప్పుకున్న ఉత్తరంలో కూడా. నన్ను తప్పించావు. నేనూ ఊరికే తప్పించుకున్నాను. నేను కుప్పంలో కూర్చుని, చూడని మనిషిని ముందే పరాయివాణ్ణి చేసి పెట్టాను. నేను కల్పించిన ఆ ముఖానికి మునిస్వామి గారు తర్వాత వచ్చి దొరికారు.

పోయిన ఆదివారం వాళ్ళ పల్లెకు పోయాను. పెద్దమండ్యంలో బస్సు దిగి ఆటోలో. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు. చెయ్యి కట్టు విప్పారు గానీ వేళ్ళు ముడుచుకోవడం లేదు. కొట్టంలో గొర్రెలు రెండే ఉన్నాయి, మిగతావి అమ్మేశారట. అంబిక నన్ను కూర్చోమనలేదు. నిలబడే నీ ఉత్తరం చదివాను, మొదట్నుంచి చివరిదాకా. "అప్పా అన్నాడు" అన్న చోట నేను ఆగితే ఆమె ఎదురుచూసింది. పూర్తయ్యాక, "ఇంకోసారి సదవండి" అంది. చదివాను. ఆయన కూడా వింటున్నారు. రెండోసారి చదివేటప్పుడు, నువ్వు "మనది కాదు" అన్న మాట దగ్గర ఆయన తల అడ్డంగా ఊపారు. కాదని కాదు. పెద్దవాళ్ళు చిన్నపిల్లలు చేసిన పనికి ఊపుతారే, అట్లా. ఆ తర్వాత నా మెసేజ్ సంగతి కూడా చెప్పాను.

అంబిక, "తమ్మునిది ముందర సదివినారు. మీది కడాన చెప్పినారు" అంది.

అవునన్నాను.

"క్షమించేది గిమించేది నాకు తెల్దు మేడమ్. మీరు అడగొద్దండి, నేను చెప్పను. కోర్టులో అందురి ముందరా ఇదే మాట చెప్పమనండి. ఆ ఆరుగురూ వినల్ల, మీ ఊరోళ్ళూ వినల్ల. మా నాయననూ పిల్చుకోని వస్తా. ఆయనకు అంతా అర్థమవుతాది. మాట రాదు, అంతే."

మర్నాడు పుంగనూరు స్టేషనుకు పోయి నా ఫోను ఇచ్చి, ఆ మెసేజ్ చూపించి, రాతపూర్వకంగా ఇచ్చి వచ్చాను. ఏం చేస్తారో తెలియదు. బడిలో కూడా చెప్పాను, ఆ ఊరు నాదేనని, పవన్ నా తమ్ముడేనని. కొందరు మాట్లాడుతున్నారు, కొందరు నన్ను చూస్తే రిజిస్టరు తెరుస్తున్నారు.

ఇంటి సంగతులు. చిన్నాయన మన గడప తొక్కడం లేదు. ఈసారి టమోటా కోతకు ఊళ్ళోనుంచి ఒక్కరూ రాలేదు. అమ్మా నాయనా ఇద్దరే కోస్తున్నారు, సగం తోటలోనే పండిపోయింది. అమ్మ నన్ను తిట్టింది, నిన్ను తిట్టింది, ఊరిని తిట్టింది, మళ్ళీ గంప ఎత్తుకొని పోయింది. నాయనకు నీ ఉత్తరం నేనే ఇచ్చాను. చదివి, మడిచి జేబులో పెట్టుకొని తోటకు పోయాడు. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ, "ఆ పొద్దు ఆసుపత్రిలో నేను లోపలికి పోలేకపోతి. యాలంటే, వీడియోలో వీని ముఖం సూసినా. ఆపేవాని ముఖం కాదది" అన్నాడు. అంటే నాయనకు మొదట్నుంచీ తెలుసు తమ్ముడూ. ఇన్నాళ్ళూ ఒక్కడే మోశాడు. వాయిదాకు వస్తానన్నాడు.

వాయిదా డిసెంబరు 8, సోమవారం. నేరం ఒప్పుకుంటావా అని అడుగుతారు. నాగేంద్ర గారు ఆఖరి నిమిషం దాకా వద్దనే చెబుతారు. శిక్ష పడుతుంది. ఎన్నేళ్ళో నాకు తెలియదు. పడ్డన్నాళ్ళు ఈ ఉత్తరాలు ఆగవు, అది మాత్రం నేను మాట ఇవ్వగలను.

నేను మన ఊరివాళ్ళ వైపు కూర్చోను. అంబిక చోటిస్తే ఆమె పక్కన కూర్చుంటాను, ఇవ్వకపోతే గోడకు నిలబడతాను. లోపలికి రాగానే నీ కళ్ళు నా కోసం వెతుకుతాయని తెలుసు. వెతకొద్దు. మునిస్వామి గారికి ఎడమ పక్క కనబడదు. కాబట్టి నువ్వు నిలబడే చోట కాస్త ఆయన కుడివైపుకు జరుగు. ఆయన ముఖం చూసి చెప్పు.

నీ అక్క,
సింధూజ